కుడి మోకాలు

జూలై 7, సోమవారం

కుడి మోకాలు. పొద్దున లేవగానే నొప్పి. మెట్లు దిగేటప్పుడు ఎక్కువ. కూర్చుని లేస్తే టక్కుమంటుంది.

జూలై 8

కుడి మోకాలు. నొప్పి. వాపు లేదు. వాపు లేదని రాయొచ్చో లేదో అన్నను అడగాలి.

జూలై 9

కుడి మోకాలు. నొప్పి.

జూలై 12, శనివారం

అన్న హాతీరాం వచ్చి ఈ నోట్‌బుక్కు చూశాడు. ఇది ఆయన కొనిచ్చిందే. ఐదేళ్ల కిందట ఆయన కూడా ఇలాగే రోజూ రాసుకుని, నడుము నొప్పి మీద బొగ్గు కంపెనీ మెడికల్ బోర్డు ముందుకు వెళ్లి అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన ఉద్యోగం కొడుకు జైరాంకు వచ్చింది. "రోజూ రాయి తమ్మీ. బోర్డుల డాక్టర్లు ఒక్క ముచ్చటనే పది తీర్ల అడుగుతరు. ఇయ్యాల కుడి అని రేపు ఎడమ అన్నవనుకో, అయిపాయె," అన్నాడు. 'వాపు లేదు' అన్న మాట మాత్రం కొట్టెయ్యమన్నాడు.

కొట్టెయ్యలేదు. ఆయన వెళ్లాక చాలాసేపు ఆ మాటనే చూస్తూ కూర్చున్నాను. ఇందులో ఉన్న నిజం అదొక్కటే. నొప్పులు రాయడానికి వేరే పుస్తకం కొంటాను. దీన్ని ఇక ఎవరికీ చూపించను.

నా మోకాలికి ఏమీ లేదు. కుడి దానికీ లేదు, ఎడమ దానికీ లేదు.

జూలై 13, ఆదివారం

నిన్న రాసింది చదివితే సిగ్గేసింది. ఇందులో అంత తప్పేముంది? మా వైపు బొగ్గుబాయి మనుషులెవరూ దీన్ని మోసం అనరు. 'అన్‌ఫిట్ పెట్టుకున్నడు' అంటారు, లీవు పెట్టుకున్నట్టు. ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. ఇప్పుడే అన్‌ఫిట్ అయితే నా ఉద్యోగం కొడుకు రవికి వస్తుంది. మిగిలిన సర్వీసు రెండేళ్ల లోపుకు దిగితే ఆ దారి మూసుకుపోతుంది. నిండా నాలుగేళ్లు చేసి దిగిపోతే నాకు శాలువా కప్పుతారు, నా కొడుక్కి ఏమీ ఉండదు.

మూడేళ్ల కిందట మా గురువు సేవాలాల్ జయంతి నాడు, పూజలో వేసే భోగ్ మంటలో నెయ్యి పోస్తూ, తండా అంతా వింటుండగా అన్నాను, నా నౌకరి రవికుమార్‌కే అని. ఎవరూ అడగకుండానే అన్నాను. ఆ నెలలోనే వాడు టేకులపల్లిలో కాలిన మోటార్లకు తీగ చుట్టే షాపు పని మానేశాడు. ఆరేళ్లు చేసిన పని. కాబోయే కంపెనీ మనిషి చేతులు వార్నిష్ కంపు కొడితే ఏం బాగుంటుందని నేనే మాన్పించాను.

ఇంట్లో మేం మాట్లాడుకునేది లంబాడీ. రాసేది తెలుగు, బడిలో నేర్పింది అదొక్కటే కాబట్టి. అబద్ధం చెప్పడానికి రెండూ బాగానే పనికొస్తున్నాయి.

జూలై 16

మా కోడలు సోనీ ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి, కాపడం పెట్టుకోమని గడప మీద పెట్టి వెళ్లింది. వాళ్లది దుమ్ముగూడెం పక్క తండా. పెళ్లయి రెండేళ్లయింది. నాకు ఎదురుపడదు, నాతో నేరుగా మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే నా భార్య ద్వాలితో చెప్పిస్తుంది. ఇంట్లో నా మోకాలి సంగతి తెలియనిది ఆమెకొక్కదానికే. చెప్పొద్దన్నది రవి. చెబితే మాట ఆమె పుట్టింటికి చేరుతుందట, అక్కడి నుంచి ఊళ్లన్నీ తిరుగుతుందట.

ఏమీ లేని మోకాలికి కూడా ఉప్పు కాపడం హాయిగానే ఉంటుంది.

జూలై 19, శనివారం

ఇవాళ మర్చిపోయి ఎడమ కాలితో కుంటాను. బస్సు దిగి తండా దాకా ఎడమ కాలే కుంటుకుంటూ వచ్చాను. అన్న దారిలో చూసి పళ్లు కొరికాడు. కుడి బూటులో గులకరాయి వేసుకోమన్నాడు, అప్పుడు మర్చిపోమన్నా మర్చిపోవట. ఆయనే వాగులో ఏరి ఒకటి ఇచ్చాడు, చింతగింజంత.

జూలై 22

రాయి పనిచేస్తోంది. మొన్నటి కన్నా బాగా కుంటుతున్నాను. ద్వాలి నవ్వింది.

సోనీ మూట పెట్టి వెళ్లింది.

జూలై 26, శనివారం

ఫస్ట్ షిఫ్ట్. క్వారీ అడుగున సంపులో నీళ్లు పెరుగుతున్నాయి. నేను పంపు ఆపరేటర్‌ని. వాన నీళ్లు, ఊట నీళ్లు తోడి బయటికి పంపడమే నా పని. నీళ్లు తోడకపోతే బొగ్గు లేదు. ఈ సంగతి పెద్ద మిషన్లు నడిపేవాళ్లకు గుర్తుండదు. మాకు గుర్తు చేసే ఓపిక లేదు.

పైపు మీద అరచేయి పెడితే లోపల నీళ్లు పోతున్నాయో గాలి పోతుందో నాకు తెలుస్తుంది. మీటరు చూడక్కర్లేదు. మా ఫిట్టర్ ముస్తకీమ్ ఇల్లందు పిల్లాడు, నాలుగేళ్లుగా నాతో ఉన్నాడు. వాడికి ఇంకా తెలియడం లేదు. వస్తుందిలే అంటాను. ఎలా వస్తుందో నేర్పమంటే నాకు చేతకాదు.

ఇప్పుడు నా మోకాలి వల్ల వాడే కిందికి దిగి, పంపు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్‌కు పట్టిన బురద తీస్తున్నాడు. నేను పైన స్టూలు మీద కూర్చుంటున్నాను. వాడు మోకాలిదాకా బురదతో పైకి వచ్చి, "నొప్పి ఎట్లున్నదన్నా?" అని నన్నడుగుతాడు.

జూలై 30

ద్వాలి సంతోషంగా ఉంది. కోడలు రాత్రిపూట అన్నం ముట్టడం లేదట, మొహం పీక్కుపోయిందట. ఇంకా ఎవరితోనూ అనొద్దని నాతో అంది. అప్పటికే మా వదినతో అనేసింది.

ఆగస్టు 2

కుడి బూటులో రాయి. ఎడమ తుంటి దగ్గర ఏదో పట్టినట్టుంది. అటు బరువు వేసి నడవడం వల్ల కావచ్చు.

ఆగస్టు 4, సోమవారం

ద్వాలి కోడలిని ఇల్లందు దవాఖానాకు తీసుకుపోయింది. కడుపు కాదు. రక్తం తక్కువగా ఉందన్నారు. తిండి ఎందుకు మానేశావని నర్సు గట్టిగా అడిగితే నేల చూసిందట.

ద్వాలి పొద్దున్నించి మాట్లాడటం లేదు. మనవడి కోసం తీసిపెట్టిన పాత చీరలు మళ్లీ పెట్టెలో పెట్టింది.

ఆగస్టు 5

తెలిసింది. ఎలా రాయాలో తెలియడం లేదు.

సోనీ మొక్కుకుంది. భద్రాచలం రాముడికి. మామ మోకాలు తగ్గేదాకా రాత్రి అన్నం తిననని, తగ్గిన రోజు గోదాట్లో మునిగి, గుడి చూసి, అక్కడే రాత్రి అన్నం తింటానని. జూలై 15 నుంచి ఇదే వరస. మొదటి ఉప్పు మూట పెట్టడానికి ముందు రోజు.

ద్వాలి చెబుతూ ఏడ్చింది. "పిచ్చిదానా, మామ కాలు బాగైతే నీ మొగనికి నౌకరెట్ల వస్తది అన్న. అంటే ఏమన్నదో తెలుసా?" అంది. నేను అడగలేదు. అడగకపోయినా చెప్పింది. "నౌకరి పోతె పోనీ అత్తా, కాలు పోతె మళ్ల వస్తదా, అన్నది."

ఆగస్టు 6

రేపు చెప్పేస్తా.

ఆగస్టు 7

ఇవాళ కుదరలేదు. ద్వాలి పత్తి చేనుకు వెళ్లింది, రవి ఇంట్లో ఉన్నాడు. రేపు.

ఆగస్టు 8

రేపు.

ఆగస్టు 10, ఆదివారం

చేను గట్టు మీద రవిని కూర్చోబెట్టి అడిగాను, నీ పెళ్లాం మొక్కు నీకెప్పుడు తెలుసని. మొదటి రోజే తెలుసన్నాడు. తల ఎత్తలేదు.

"బోర్డు అయ్యేదాకా ఓపిక పట్టు బాపూ. ఆర్డరు చేతికొచ్చినంక నేనే చెప్త," అన్నాడు.

"ఏమని చెప్తవ్?"

"తగ్గిందని."

"అన్‌ఫిట్ అయినోని కాలు ఎట్ల తగ్గుతదిరా? తగ్గిందంటే ఊరు ఊకుంటదా?"

గడ్డిపరకను గోటితో చీలుస్తూ కూర్చున్నాడు. వాడు చెడ్డవాడు కాదు. ముప్పై ఒకటి దాటింది. మూడేళ్లుగా నా మోకాలి కోసం చూస్తున్నాడు. నేను కూర్చోబెట్టిన చోటే కూర్చున్నాడు. వాడిని కోపంగా చూడాలనుకున్నాను, చేతకాలేదు.

ఆగస్టు 12

ఉప్పు మూట. ఇవాళ పెట్టుకోలేదు. చల్లారిపోయాక తీసుకెళ్లింది. ఇంకా వేడి చాలలేదేమో అని ద్వాలితో అందట. రేపటి నుంచి ఇంకా బాగా వేయిస్తుందట.

ఆగస్టు 15, శుక్రవారం

జెండా ఎగరేయడానికి ఎవరూ మిగల్లేదు. రెండు రోజులుగా వాన. సంపు నిండి నీళ్లు రెండో పంపు దాకా వచ్చాయి. నేను పైన స్టూలు మీద ఉన్నాను. ముస్తకీమ్ కింద ఉన్నాడు. నీళ్ల మధ్య మోటారు స్టార్టర్ పెట్టె ఉంది. అది మునిగితే రెండు పంపులూ ఆగుతాయి, క్వారీ మొత్తం చెరువవుతుంది. పైన కరెంటు తీసేయమని అరిచి, కిందికి పరుగెత్తాను.

పరుగెత్తాను. ఏట్లో దిగినట్టు ర్యాంపు మీద బురదలో పరుగెత్తాను. ఇద్దరం కలిసి ఆ పెట్టెను విప్పి, భుజాల మీద పెట్టుకుని ఎత్తుకు చేర్చాం. తర్వాత మళ్లీ కరెంటు ఇప్పించి, పైపు మీద చేయి పెట్టాను. నీళ్లు పోతున్నాయి. ముస్తకీమ్ చేయి పట్టుకుని పైపు మీద పెట్టాను. "తెలుస్తున్నదా?" అన్నాను. తెలుస్తోందన్నాడు. వాడి మొహం చూస్తే నిజంగానే తెలిసినట్టుంది.

ఈ నెలన్నరలో ఇంత సంతోషం ఎప్పుడూ లేదు. పైకి వచ్చి బూటు విప్పితే గులకరాయి బయట పడింది. అది లోపల ఉన్నట్టే నాకు తెలియలేదు.

ముస్తకీమ్ రాయి వంక చూశాడు, నా వంక చూశాడు. "నేనేం చూడలె బలరామన్నా," అన్నాడు. తర్వాత టీ తెచ్చిచ్చాడు. షిఫ్ట్ అయ్యేదాకా నొప్పి ఎలా ఉందని అడగలేదు. అడిగితే బాగుండేది.

ఆగస్టు 17, ఆదివారం

పొద్దున అన్న వాళ్ల మక్కజొన్న చేను వైపు వెళ్లాను, ఆయనతో మాట్లాడదామని. చేలో కోతులు పడ్డాయి. అన్న వాటి వెంట పరుగెత్తుతున్నాడు. కర్ర లేదు, వంగడం లేదు. రాళ్లు ఏరుతూ, విసురుతూ, గట్టు మీద నుంచి గట్టు మీదికి దూకాడు. అరవై రెండేళ్ల మనిషి. నేను చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. ఆయనను అలా చూసి ఎన్నాళ్లయిందో.

"అన్నా," అని పిలిచాను.

ఆగిపోయాడు. నా వైపు రాలేదు. చేను అవతలి మూలకు వెళ్లి, చెట్టుకు ఆనించిన కర్ర తీసుకుని, నడుము వంచి, మెల్లగా నా దగ్గరికి వచ్చాడు. ఆ నడుము సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలుసు. చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

"నా ముందల గూడ ఎందుకన్నా?" అన్నాను.

"అలవాటైంది తమ్మీ," అన్నాడు. కర్రను నేలకు గట్టిగా ఆనించి, "కర్ర లేకుంట మనుషుల ముందట నిలబడితె బట్టలు లేనట్టనిపిస్తది," అన్నాడు.

జైరాం కొత్తగూడెంలో క్వార్టర్‌లో ఉంటాడు. నెలకోసారి వస్తాడు. వచ్చినప్పుడు తండ్రికి కర్ర అందిస్తాడు.

ఆగస్టు 19

బోర్డుకు పెట్టుకున్న దరఖాస్తు వాపస్ తీసుకుంటున్నట్టు కాగితం రాశాను. రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ఆగస్టు 20

షిఫ్ట్ అయ్యాక మేనేజర్ ఆఫీసు దాకా వెళ్లాను. లోపల మనుషులు ఎక్కువగా ఉన్నారు. తిరిగొచ్చాను.

ఆగస్టు 21

ఆఫీసులో మనుషులు తక్కువగా ఉన్నారు. ఇద్దరే. ఆ ఇద్దరూ తెలిసినవాళ్లు. తిరిగొచ్చాను.

ఆగస్టు 23, శనివారం

బోర్డు నుంచి కాగితం వచ్చింది. సెప్టెంబర్ 11, గురువారం. రవి ఆ కాగితాన్ని పట్టుకుని చాలాసార్లు చదివాడు. ద్వాలి కోడిని కోసింది. రవి నా పళ్లెంలో తనే ముక్కలు వేశాడు. చిన్నప్పుడు నేను వాడికి వేసేవాణ్ని. సోనీ అందరికీ వడ్డించి లోపలికి వెళ్లిపోయింది. కోడికూర రాత్రి కూడా ఆమె తినలేదు.

జేబులో కాగితం చెమటకు మెత్తబడింది. చించేశాను.

ఆగస్టు 24

నిర్ణయం అయిపోయింది. వెళ్తున్నాను. తండ్రి అన్నాక ఈ మాత్రం చేయాలి. సోనీ సంగతి ఆ తర్వాత ఏదో ఒకటి చూడొచ్చు. మొక్కు విడిపించడానికి పూజారులకు ఏదో ఒక పద్ధతి ఉంటుంది. మనసు తేలికగా ఉంది.

ఆగస్టు 25

మనసు తేలికగా ఉందని నిన్న రాశాను. ఎందుకు రాశానో.

ఆగస్టు 29

అన్న వచ్చి రోజూ గంటసేపు నేర్పుతున్నాడు. డాక్టరు మంచం ఎక్కమంటే ఎలా ఎక్కాలి. మోకాలు నొక్కితే ఎక్కడ నొప్పి అనాలి. నొక్కగానే అరవకూడదట, ముందు పళ్లు బిగబట్టాలట. సోనీ గోడ అవతల కూర్చుని బియ్యం ఏరుతోంది, అన్న గుసగుసగా చెబుతాడు. నేను పళ్లు బిగబట్టి 'అబ్బా' అన్నప్పుడల్లా అవతల చేట చప్పుడు ఆగిపోతోంది.

సెప్టెంబర్ 1, సోమవారం

ఎడమ తుంటి. ఇది నిజం నొప్పి. రాయి తీసినా పోవడం లేదు. ఎవరికి చెప్పుకోను?

సెప్టెంబర్ 4, గురువారం

సోనీ వాళ్లమ్మ దుమ్ముగూడెం నుంచి ఫోన్ చేసింది. ద్వాలి స్పీకర్ పెట్టింది. మోకాలు ఎలా ఉందని అడిగి, తాను కూడా మొక్కుకున్నానని చెప్పింది. పది రోజులుగా ఆమె కూడా రాత్రి తినడం లేదట. ఇద్దరు మొక్కితే జల్దీ తగ్గుతుందని తల్లీకూతుళ్లు అనుకున్నారట.

ఆమెకు షుగర్ ఉంది. పెళ్లిలో చూశాను, మందుల డబ్బా కొంగున కట్టుకుని తిరిగింది.

ఫోన్ పెట్టేశాక రవి బయటికి వెళ్లిపోయాడు. ద్వాలి నా మొహం చూసింది. నలభై ఏళ్లుగా నేను ఏం చేసినా సరేనన్న మనిషి. ఇవాళ కూడా ఏమీ అనలేదు, కానీ చూసింది.

ఎవరి కాలు కోసమో ఎవరో పస్తులుంటున్నారు. నా కాలేమో శుభ్రంగా ఉంది.

సెప్టెంబర్ 5, శుక్రవారం

చెప్పాను.

షిఫ్ట్ మానేశాను. ఇంట్లో ఎవరూ లేని సమయం కోసం కూడా చూడలేదు. రవి అరుగు మీద ఉన్నాడు, ద్వాలి పొయ్యి దగ్గర ఉంది. గడప లోపల నిలబడి "సోనీ" అని పిలిచాను. ఈ రెండేళ్లలో ఆమెను పేరు పెట్టి పిలవడం ఇదే మొదటిసారి. కొంగు తల మీదికి లాక్కుని తలుపు చాటున నిలబడింది.

కుడి బూటు తిరగేసి రాయిని గడప మీద పడేశాను. బాయిలో ముప్పై ఏళ్లు ఏనాడూ ఇంత భయపడలేదు.

"నా మోకాలికి ఏం కాలె బిడ్డా. మొదటి సంది ఏం లేదు. రవి నౌకరి కోసం నాటకం ఆడిన. ఇంట్ల అందరికి తెలుసు, నీకే చెప్పలె."

రవి లేచి నిలబడ్డాడు. ద్వాలి పొయ్యి వైపు తిరిగింది. సోనీ చాలాసేపు రాయినే చూసింది.

"మొదటి రోజు సందేనా?" అంది.

"అవ్."

"నేను ఉప్పు కాపిన మొదటి రోజు గూడ?"

"అవ్."

లోపలికి వెళ్లిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. తర్వాత ఫోన్‌లో ఆమె గొంతు వినిపించింది. ఎక్కువేమీ చెప్పలేదు. "అమ్మా, ఇయ్యాల్టి సంది నువ్వు తిను," అంది. ఇంకేమీ చెప్పకుండా పెట్టేసింది. నా పరువు కాపాడిందో, చెప్పడానికే అసహ్యపడిందో నాకు తెలియదు.

రవి నన్ను చేను దాకా తీసుకెళ్లి అడిగాడు. "అంటే బోర్డుకు పోవా?"

"పోను."

"భోగ్ కాడ అందరి ముందట అంటివి."

"అన్న. గది తప్పు. తొందరపడి అన్న. మూడేండ్ల సంది ఆ మాట పట్టుకొని నిన్ను గూడ ఆపిన. ఇయ్యాల మార్చుకుంటున్న." అక్కడితో ఆపి ఉంటే మంచివాణ్నయ్యేవాణ్ని. ఆపలేకపోయాను. "ఇంకో నిజం గూడ ఉన్నదిరా. నాకు పని మానబుద్ధి అయితలేదు. సోనీ మొక్కకున్నా గూడ మానబుద్ధి కాకపోవు."

వాడు నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. "గది అప్పుడే అంటే అయిపోవు కద బాపూ. మూడేండ్ల కింద," అన్నాడు.

వాడన్నది నిజం.

పొద్దు గూకుతుండగా సోనీ పళ్లెం పెట్టుకుని అన్నం తింది. అత్త తినక ముందు, మొగుడు తినక ముందు, నేను తినక ముందు, అందరికీ కనిపించేలా నడింట్లో కూర్చుని తింది. రెండోసారి కూడా పెట్టుకుంది.

సెప్టెంబర్ 6, శనివారం

కాగితం ఇచ్చేశాను. ఆఫీసు నిండా మనుషులే. ఈసారి మనుషుల్ని లెక్కపెట్టలేదు.

క్లర్కు సుబ్బరత్నం గారు కాగితం చదివి కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. "ఎందుకు వాపస్ బలరాం?" అన్నారు.

"మోకాలు తగ్గింది మేడం."

గదిలో అందరూ తిరిగి చూశారు. ఎవరో వెనక నుంచి నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఈ సీట్లో ఇరవై ఏండ్లు. నొప్పి ఉందని వచ్చినోళ్లనే చూసిన. తగ్గిందని వచ్చినోన్ని నిన్నే చూస్తున్న," అంటూ ముద్ర వేశారు.

బయటికి వస్తుంటే కాళ్లు తేలిపోతాయనుకున్నాను. తేలలేదు. అలసటగా ఉంది. నిద్ర వస్తోంది.

సెప్టెంబర్ 7

తండా అంతా తెలిసిపోయింది. బలరాం కొడుకు నోటి కాడి కూడు తీసేశాడంటున్నారు. మార్చుకున్నది తప్పేమో. మళ్లీ వెళ్లి ఆ కాగితం వెనక్కి తీసుకుంటే? ఇంకా నాలుగు రోజులుంది.

సెప్టెంబర్ 8

వెళ్లలేదు.

సెప్టెంబర్ 11, గురువారం

బోర్డు రోజు. ఫస్ట్ షిఫ్ట్ చేశాను. పదింటికి గడియారం చూసుకున్నాను. ఈపాటికి నన్ను మంచం ఎక్కమనేవాళ్లు. కిందికి దిగి ఫుట్‌వాల్వ్ నేనే శుభ్రం చేశాను. ముస్తకీమ్ పైన స్టూలు మీద కూర్చుని ఏదో పాట అందుకున్నాడు.

సెప్టెంబర్ 14, ఆదివారం

అన్న వచ్చాడు. ఇన్ని రోజులు నేర్పిన కష్టమంతా బూడిదలో పోశావన్నాడు. నలుగురిలో తలెత్తుకోలేకుండా చేశావన్నాడు. నువ్వు నిజాయితీపరుడివైతే నేనెవర్ని అని అడిగాడు. కోపం అక్కడుందని అప్పుడు అర్థమైంది. నేను నిజాయితీపరుణ్ని కాదన్నాను, ఇన్నాళ్లు కుంటింది ఎవరన్నాను. వినలేదు. విసురుగా లేచి వెళ్లిపోయాడు. ఎంత విసురుగా అంటే, కర్ర మా గోడకే ఆనించి మర్చిపోయాడు.

వీధి మలుపు దాకా నిటారుగా నడిచి వెళ్లాడు. నేను పిలవలేదు.

సెప్టెంబర్ 16

కర్ర ఇంకా ఇక్కడే ఉంది. అన్న అడగలేదు. నేను పంపలేదు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

రవి నాతో మాట్లాడటం లేదు. పొద్దున్నే బండి వేసుకుని పోతున్నాడు, పొద్దుగూకాక వస్తున్నాడు. ఎక్కడికని అడగలేదు. తీగ మీద ఆరేసిన వాడి చొక్కా పక్కనుంచి వెళ్తే వార్నిష్ వాసన వచ్చింది. నేను వాడి చేత వదిలించిన వాసనే. క్షమించాడని అనుకోవడం లేదు. షాపులో అందరికంటే వయసులో పెద్దవాణ్ని, పనిలో కొత్తవాడిలా మళ్లీ నిలబెట్టాను. ఎన్నాళ్లు మాట్లాడకపోయినా అది వాడి హక్కే.

సోనీ కూడా మాట్లాడటం లేదు. అంతకుముందు మాత్రం మాట్లాడేదా అని ద్వాలి అంది. నిజమే, కానీ ఈ మౌనం వేరు. గడప మీద మూట లేదు.

సెప్టెంబర్ 23, మంగళవారం

ఎడమ తుంటి. పొద్దున మంచం మీద నుంచి లేవడమే కష్టమైంది. బోర్డు ఇప్పుడు ఉండి ఉంటే నేర్పే పని కూడా ఉండేది కాదు. నవ్వొచ్చింది, నవ్వితే ఇంకా నొప్పి పుట్టింది. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చెప్తాను?

షిఫ్ట్ నుంచి వచ్చి గోడ పట్టుకుని గడప దాటుతున్నాను. సోనీ వాకిట్లో బట్టలు తీస్తోంది. నన్ను చూసి ఆగింది. నేను నిటారుగా నడవడానికి ప్రయత్నించాను. మొన్నటిదాకా బాగున్న కాలితో కుంటాను, ఇవాళ బాగాలేని కాలు దాచుకుంటున్నాను.

"గిది నిజమేనా మామా?" అంది.

నన్ను సూటిగా చూసి అడిగింది. తల మీద కొంగు ఉంది కానీ చూపు మాత్రం దించలేదు.

"నిజమే బిడ్డా."

"ఏ కాలు?"

"ఎడమ. తుంటి కాడ."

నమ్మిందో లేదో తెలియలేదు. బట్టలు భుజాన వేసుకుని లోపలికి వెళ్లింది. నేను అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి మూకుడులో ఉప్పు చిటపటలాడటం వినిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. రాయడానికి సిగ్గుగా లేదు, ఈ పుస్తకంలో ఇంతకంటే సిగ్గుపడాల్సినవి చాలా ఉన్నాయి.

మూట తెచ్చింది. గడప మీద పెట్టలేదు. నా చేతికే ఇచ్చింది.

"కాపుకో మామా," అంది. వెళ్లబోయి ఆగింది. "మొక్కు మాత్రం మొక్కను."